ఢిల్లీలో శాఖ, విశాఖలో బడి

శ్రోతలకు నమస్కారం.

కొచ్చి నుంచి బదిలీపై విశాఖ వచ్చిన నౌకాదళ ఉద్యోగి తన కూతురిని ఇక్కడి కేంద్రీయ విద్యాలయంలో చేర్పిస్తే, ఆ పాప అక్కడ సగంలో ఆపిన లెక్కల పుస్తకాన్నే ఇక్కడ మళ్లీ తెరుస్తుంది. అటువంటి పిల్లల కోసమే 1963లో కేంద్ర విద్యాశాఖ ఆ బడులను ప్రారంభించింది. అదే ఊళ్లోని నగరపాలక సంస్థ పాఠశాలకు ఉపాధ్యాయుణ్ణి నియమించేది మాత్రం రాష్ట్ర ప్రభుత్వం. చదువు ఢిల్లీ బాధ్యతా, రాష్ట్రం బాధ్యతా అన్న ఈ ప్రశ్న ఆ శాఖ పుట్టుకతోనే ఉంది.

ఆంగ్లేయుల పాలనలో 1910 వరకు విద్యకు కేంద్రంలో సొంత శాఖ లేదు. హోం శాఖే చూసేది. ఆ ఏడాది ఏర్పడిన శాఖ కూడా ఎంతోకాలం విడిగా నిలవలేదు. 1919 చట్టంతో విద్య రాష్ట్రాల మంత్రుల చేతికి వెళ్లగా, 1923లో దానిని ఆరోగ్యం, భూముల శాఖలతో కలిపేశారు. మళ్లీ 1945లో గానీ వేరుపడలేదు.

స్వతంత్ర భారతానికి తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్. బడికి వెళ్లకుండా ఇంటివద్దనే చదువుకున్న ఆ పండితుడు, 1958లో కన్నుమూసే వరకు పదేళ్లకు పైగా ఆ బాధ్యతను మోశారు. 1951లో ఖరగ్‌పూర్ ఐఐటీ, 1953లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆయన హయాంలోనే ఆరంభమయ్యాయి.

ఇక్కడ మన వాల్తేరును తలచుకోవాలి. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌నే 1948లో విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయాన్ని సముద్రపు ఒడ్డున స్వయంగా నడిపిన అనుభవం ఆయనది. విశ్వవిద్యాలయ విద్య కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి బాధ్యతగా ఉండాలని ఆ సంఘం 1949లోనే సిఫారసు చేసింది. రాజ్యాంగం మాత్రం విద్యను ప్రధానంగా రాష్ట్రాల జాబితాలోనే ఉంచింది. చివరకు అది ఉమ్మడి జాబితాలోకి మారింది 1976లో, 42వ సవరణతో, అత్యవసర పరిస్థితి నడుమ. అంత పెద్ద మార్పు స్వేచ్ఛగా చర్చ జరిగే రోజుల్లో వచ్చి ఉండవలసిందని నా అభిప్రాయం.

1985లో శాఖ పేరే మారి మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ అయింది. దాని తొలి మంత్రి మన పి.వి. నరసింహారావు, మరుసటి ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం, నవోదయ విద్యాలయాలు ఆ కాలపు ఫలాలే. సంస్కృతి, క్రీడలు, స్త్రీ సంక్షేమం వంటివాటిని చదువుతో కలిపి చూడాలన్న ఆలోచన మంచిదే. కానీ పిల్లలను బొగ్గు, ఇనుప ఖనిజం లాగా వనరు అనడం నాకు ఎన్నడూ రుచించలేదు. 2020లో పాత పేరు తిరిగి వచ్చినప్పుడు మనస్ఫూర్తిగా సంతోషించాను. అయితే జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చు చేయాలని 1966లో కొఠారీ సంఘం చెప్పిన మాటను, 2020 విధానం కూడా ఇంకా చేరవలసిన లక్ష్యంగానే రాసుకుంది.

విశాఖకు కేంద్రం 2015లో ఐఐఎంను మంజూరు చేసినప్పుడు దానికి సొంత భవనం లేదు. తొలి తరగతులు రాష్ట్రానికి చెందిన ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే జరిగాయి. విశాఖ శివారులోని గంభీరంలో కొత్త కట్టడాలు లేచేదాకా ఢిల్లీ సంస్థకు చోటిచ్చింది రాధాకృష్ణన్ నడిపిన ఆ వాల్తేరు విశ్వవిద్యాలయమే.