నొప్పి లేని పుండు

శ్రోతలకు నమస్కారం.

ఆమధ్య ఒక మామ్మగారు లంకలోంచి పడవ దాటి నా దగ్గరికొచ్చారు. పైపళ్ళు కదులుతున్నాయి, పీకేసి కట్టుడుపళ్ళు పెట్టమని. నోట్లోకి టార్చి వేసి చూద్దును కదా, అంగిలంతా సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. ఎడమ పక్కన రూపాయి బిళ్ళంత పుండు, అంచులు ఉబ్బి గట్టిగా ఉన్నాయి.

"ఇదెన్నాళ్ళ నుంచి మామ్మగారూ?"

"ఏదండీ? నెప్పేం లేదే!"

"చుట్ట కాలుస్తారా?"

కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "అడ్డపొగండి బాబూ. పెళ్ళయిన కాణ్ణించీ."

అడ్డపొగంటే మీకు తెలుసు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. గాలికి ఆరదు, చేతులు పనిలో ఉన్నా ఫర్వాలేదు. కానీ ఆ సెగా పొగా నేరుగా అంగిలికే కొడతాయి. గట్టి అంగిలి మీద క్యాన్సర్ ప్రపంచంలో చాలాచోట్ల అరుదు, మన కోస్తాలో మాత్రం వింతేం కాదు. లంక పొగాకు పండే నేల మరి! 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను రాజమండ్రిలో పెట్టారు.

కుర్రాళ్ళది వేరే కథ. వాళ్ళది ఖైనీ, గుట్కా. ఎక్కడ దాచుకుంటారో పుండు అక్కడే లేస్తుంది: బుగ్గ లోపల, కింది పెదవికీ చిగురుకీ మధ్య. వక్క నమిలేవాళ్ళకైతే అంతకు ముందే బుగ్గలు బిగుసుకుంటాయి. కారం తగిలితే భగ్గుమంటుంది. మూడు వేళ్ళు నిలువుగా పట్టాల్సిన నోట్లో రెండే పడతాయి.

మనకొక అలవాటుంది. నోట్లో ఏం వచ్చినా "వేడి చేసింది" అంటాం. మజ్జిగ తాగుతాం, మందుల షాపులో బి-కాంప్లెక్స్ కొనుక్కుంటాం. నిజంగా నోరు పూస్తే మంటెత్తిపోతుంది, పది పదిహేను రోజుల్లో దానంతటదే మానుతుంది. ఈ క్యాన్సర్ పుండు మొదట్లో నొప్పి పెట్టదు, మూడో వారం వచ్చినా మానదు. నొప్పి లేదు కాబట్టే ఊరుకుంటాం. చెవిలోకి పోటు, పన్ను పీకించిన గుంట పూడకపోవడం, కింది పెదవి తిమ్మిరి, దవడ కింద బిళ్ళ కట్టడం, ఇవన్నీ తర్వాతి సంగతులు. మన దేశంలో చాలామంది అక్కడిదాకా వచ్చాకే డాక్టరు గడప తొక్కుతారు. పుండు రెండు సెంటీమీటర్ల లోపుండి, లోతుకు దిగకుండా, బిళ్ళకు పాకకుండా ఉంటే మొదటి దశే. బిళ్ళకు పాకిందా, పుండు ఎంత చిన్నదైనా కనీసం మూడో దశ కిందే లెక్క.

మామ్మగారి దవడ కింద, మెడ పొడుగునా వేళ్ళతో తడిమాను. బిళ్ళేమీ తగల్లేదు. కందిగింజంత ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాను. వెంట వచ్చిన కొడుకు నన్ను పక్కకి పిలిచి, "కత్తి తగిలితే ఒళ్ళంతా పాకేస్తుందంటారు కదండీ" అన్నాడు. అది ఒట్టి అపోహ. ముక్క తీసినందువల్ల పాకదు. తియ్యకుండా ఆర్నెల్లు కూర్చుంటే పాకుతుంది. ఇదే చెప్పాను.

అతనింకా ఆలోచిస్తూనే ఉన్నాడు. మామ్మగారు మాత్రం గోడ గడియారం చూసి, "ఆఖరి పడవ అయిదింటికండి, ఈలోగా తీసెయ్యగలరా?" అని కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచారు.