లాగ్‌లో సున్నా ఉన్న పిల్లల్ని తీసెయ్యకండి

వేదిక మీది పెద్దలకి, ఎదురుగా కూర్చున్న పరిశోధక విద్యార్థులకి నమస్కారం. విద్యార్థులు మొబైల్‌తో ఎలా నేర్చుకుంటారో తెలుసుకునే పరిశోధన పద్ధతుల గురించి మాట్లాడమన్నారు. సర్వే, ప్రయోగం, ఇంటర్వ్యూ ఇలా ఒక్కోటి వరసగా చెప్దామనే వచ్చాను గానీ, పొద్దున మీ పోస్టర్లు చూశాక ఆ వరస పక్కన పెట్టేస్తున్నాను. దాదాపు అన్నిట్లోనూ రెండే ప్రశ్నలు: రోజుకి ఎన్ని గంటలు ఫోన్లో చదువుతున్నావు, యాప్ నచ్చిందా? ఈ రెండిటికీ జవాబు దొరికినా ఆ పిల్ల ఏం నేర్చుకుందో మనకి తెలీదండీ.

ముందు గంటల సంగతి. మనిషి చెప్పే గంటలకీ ఫోన్ నమోదు చేసిన గంటలకీ పొంతన తక్కువ. డిజిటల్ వాడకం మీద ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి ప్యారీ అనే పరిశోధకుడి బృందం 2021లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో ఒక విశ్లేషణ వేసింది. ఆ రెండు కొలతలూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే సహసంబంధం (పూర్తిగా కలిస్తే 1) 0.38 దగ్గర తేలింది. దాన్ని వర్గం చేసి చూడండి, 0.14 వస్తుంది, అంటే ఒక కొలతలో కనిపించే తేడాల్లో ఏడో వంతు మాత్రమే రెండో కొలతకి అందుతోంది. అందుకని చాలామంది సర్వే వదిలేసి లాగ్‌ల మీద, అంటే ఫోనో యాపో తనంతట తానే నమోదు చేసుకునే వాడకం లెక్కల మీద పడ్డారు. అక్కడే నా బాధంతా ఉంది, అది చెప్పనివ్వండి.

నేను పనిచేసిన ఒక అధ్యయనంలో పాఠాలన్నీ యాప్‌లో పెట్టాం. ఒకమ్మాయికి మొదటి రోజు తర్వాత లాగ్‌లో అంతా సున్నా. బృందం నడిపేవాళ్లు ఆమెని, ఆమెలాంటి మరికొందరిని 'నిష్క్రియం' అని రాసి డేటా నుంచి తీసెయ్యమన్నారు. చివరి పరీక్షలో ఆమె మార్కులు చూస్తే చాలా బాగున్నాయి, అందుకే వెళ్లి మాట్లాడతానని పట్టుబట్టాను. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోన్, తమ్ముడికీ అదే, డేటా మధ్యలోనే అయిపోతుంది. అందుకని మొదటి రోజే పాఠాలన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఫోన్ చేతికొచ్చినప్పుడల్లా గ్యాలరీలో చదువుకుని, బొమ్మలు నోట్సులో వేసుకుని, డౌట్లు స్నేహితురాలికి వాయిస్ మెసేజ్ పెట్టి అడిగింది. మొబైల్‌తో నేర్చుకోవడం అంటే ఇంతకన్నా ఏం కావాలి? కానీ యాప్‌కి ఆమె అసలు లేదు. అచ్చయిన వ్యాసంలో "అసంపూర్ణ డేటా వల్ల కొందరిని తొలగించాం" అని ఒక్క వాక్యం, అంతే. ఆ వాక్యం ఇప్పటికీ నన్ను కెలుకుతూనే ఉంటుంది.

ఇది ఒక్కమ్మాయికి జరిగిన అన్యాయంతో పోదు. ఆమెలాంటివాళ్లని తీసేస్తే మిగిలేది సొంత ఫోన్, కావలసినంత డేటా ఉన్నవాళ్లు. వాళ్లలో యాప్ నిమిషాలు పెరిగితే మార్కులు పెరిగాయని గ్రాఫ్ గీస్తాం, అందులో ఎంత యాప్ వల్లో, ఎంత ఇంటి వసతి వల్లో ఎలా చెప్తారు? చెప్పండి, మీలో ఎంతమంది ఫోన్ ఎవరిదని అడిగారు?

కాబట్టి లాగ్ ఉండాలి, దాన్ని విద్యార్థి ముందు పెట్టి "ఇక్కడ ఏం చేస్తున్నావు, ఇక్కడ ఎందుకు ఆగిపోయావు" అని అడగడమూ ఉండాలి. 1970ల్లో మనస్తత్వ శాస్త్రవేత్త చిక్‌సెంట్‌మిహాయి బృందం జనానికి పేజర్లు ఇచ్చి, అది మోగినప్పుడల్లా అప్పుడేం చేస్తున్నారో, మనసెలా ఉందో రాయించింది. ఇప్పుడా పని ఫోనే చేస్తుంది. అయితే లెక్క మధ్యలో ఉన్నవాడిని మన గంట లేపితే మనం చూద్దామనుకున్న చదువునే చెడగొట్టినట్టు, కాబట్టి రోజుకి రెండు మూడు సార్లకి మించొద్దు, ప్రశ్నలూ క్లుప్తంగా ఉండాలి.

ప్రయోగాల గురించి త్వరగా చెప్పేస్తాను. సరుకులు తెచ్చిన లారీ వల్ల మన ఒంటికి పుష్టి రాదని, పాఠం మోసుకొచ్చే సాధనం సంగతీ అంతేనని విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లోనే అన్నాడు. యాప్ వాళ్లకి కొత్తగా శ్రద్ధగా తయారుచేసిన పాఠం, అవతలివాళ్లకి పాత పుస్తకం ఇచ్చి, తేడా అంతా ఫోన్ గొప్పే అంటే ఎలా? రెండు వైపులా అదే పాఠం, అవే అభ్యాసాలు, అంతే సమయం ఉండాలి. ఒకే తరగతిలో సగం మందికి యాప్ ఇస్తే సాయంత్రానికి స్క్రీన్‌షాట్లు మిగతా సగానికి చేరిపోతాయి, అందుకని తరగతి మొత్తాన్ని ఒక వైపు వెయ్యాలి, విశ్లేషణలో కూడా ఎంతమంది పిల్లలన్నదే కాక ఎన్ని తరగతులన్నది లెక్కలోకి తీసుకోవాలి. కొత్త వస్తువు మోజు మొదటి వారాల్లో ఉంటుంది, కాబట్టి నెలలు గడిచాక మళ్లీ ఒక పరీక్ష పెట్టండి. దయచేసి పెట్టండి, ఎక్కువమంది వదిలేసేది దీన్నే.

ఇంకొకటి. ఫోన్ ఇంట్లో అందరిదీ అయినప్పుడు మన రికార్డింగ్‌లో వాళ్లమ్మ మెసేజ్‌లూ పడతాయి. విద్యార్థి సంతకం ఒక్కటీ చాలదు. సేకరించింది వాళ్లకి చూపించి, వద్దన్నది తీసేసే హక్కు వాళ్లకే ఇవ్వాలి. ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేలా రాసిన సమ్మతి పత్రం మీలో ఎవరి దగ్గరైనా ఉంటే భోజనాల విరామంలో నాకు చూపించండి, అలాంటిదాని కోసం నేను చాలాకాలంగా వెతుకుతున్నాను.