పండగకు ముందురోజు సాయంత్రం

అందరికీ నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను రిటైర్డ్ ఫిజిక్సు సారు అని పరిచయం చేశారు. మా వీధిలో నాకు ఇంకో పేరుంది, లైట్ల సారు అని. దసరా అయినా, ఉరుసు అయినా, క్రిస్మస్ అయినా పొద్దు గూకే వేళకు చేతిసంచీ పట్టుకుని వీధి చివర కనిపిస్తాను. "యాడికి పోతాండారు సారూ?" అంటారు. "లైట్లు చూసొస్తా" అంటాను. నలభై ఏళ్ళుగా ఇదే జవాబు. మొదట్లో నవ్వేవాళ్ళు. ఇప్పుడు కొందరు పిల్లల్ని నాతో పంపిస్తున్నారు. లైట్ల కోసం పంపుతున్నారో, గంటసేపు ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని పంపుతున్నారో నేనైతే అడగలేదు.

నలుగురు సినిమాకు వెళ్తే ఎంతవుతుందో మీకు తెలుసు. ఎగ్జిబిషన్‌కు వెళ్తే లోపల ఒక్కో ఆటకూ ఒక్కో టికెట్టు. పండగ లైట్ల దగ్గర మాత్రం గేటు దగ్గర చెయ్యి చాపేవాడు లేడు. ఎవరో చందాలిచ్చారు, ఎవరో రాత్రంతా నిచ్చెన మీద నిలబడి కట్టారు, మనం చూస్తున్నాం. అందులోనూ కడపలో ఉన్నవాళ్ళకు మరో అదృష్టం ఉంది. దేవుని కడప గుడి, పెద్ద దర్గా, మరియాపురం చర్చి మూడూ ఒకే ఊళ్ళో ఉన్నాయి. మూడింటికీ మూడు క్యాలెండర్లు. దసరా, దీపావళి, రథసప్తమి తిథుల లెక్క. క్రిస్మస్ ఇంగ్లీషు తేదీ లెక్క. దర్గా ఉరుసు హిజ్రీ లెక్క. హిజ్రీ సంవత్సరానికి 354 రోజులే కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. నా చిన్నప్పుడు ఉరుసుకు వాన చినుకుల్లో తడిసిన గుర్తు. ఈ మధ్య అదే ఉరుసు నవంబరు చలిలో చూశాను. కాబట్టి మన ఊళ్ళో ఏదో ఒక మూల లైట్లు కట్టని నెల చాలా తక్కువ.

మా నాయన నన్ను సైకిలు ముందు బారు మీద, మా చెల్లెల్ని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని ఉరుసుకు తీసుకెళ్ళేవాడు. 1968 అనుకుంటా, నాకు పదేళ్ళు. అప్పటికి మా ఇంట్లో కరెంటు లేదు, లాంతరే. అందుకని దర్గా గుమ్మటం చుట్టూ కట్టిన రంగు బల్బులు చూస్తే కళ్ళు తిరిగిపోయేవి. ఇప్పటి లెక్కలో అవి ఎన్ని ఉంటాయి? ఒక బట్టల షాపు ముందు ఇవాళ వేలాడుతున్నవాటిలో నాలుగో వంతు కూడా ఉండవు. కానీ మేము చీకటి దారిలో వెళ్ళి చూశాం. ఇప్పుడు షాపులన్నీ ఏడాది పొడవునా లైట్లతోనే ఉంటాయి. ఏడు రోడ్ల కూడలిలో నిలబడితే ఏది పండగ లైటో, ఏది ఆషాఢం సేల్ లైటో పోల్చుకోవడం కష్టం.

దేవుని కడప ఊరేగింపుల్లో అప్పట్లో పెట్రోమాక్సు లైట్లు ఉండేవి. వాటిని తల మీద పెట్టుకుని మోసేవాళ్ళు రెండు వరసలుగా నడిచేవాళ్ళు. లైటు బుస్సుమని ఒకటే చప్పుడు చేసేది. వెలుగు తగ్గితే దించి, పంపు కొట్టి మళ్ళీ ఎత్తుకునేవాళ్ళు. నాకు ఆ చిన్న వయసులోనే ఒక సంగతి వింతగా తోచింది. ఉత్సవ విగ్రహం కనిపించేది, బాజా వాళ్ళు కనిపించేవాళ్ళు, చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలన్నీ కనిపించేవి, లైటు మోసే మనిషి మొహం మాత్రం సరిగ్గా కనిపించేది కాదు. అప్పటి నుంచి లైట్లు చూసిన ప్రతిచోటా వాటిని కట్టినవాళ్ళు ఎక్కడున్నారా అని వెతకడం అలవాటైపోయింది.

ఆ అలవాటే నాకు ఫిజిక్సు నేర్పింది. ఇంటరు చదివే రోజుల్లో ఒక దసరా పందిరి వెనక్కి వెళ్ళాను. ముందువైపు నెమలి పురి విప్పుతోంది. వెనకవైపు ఒక చెక్క పీపా గిర్రున తిరుగుతోంది. పీపా మీద అక్కడక్కడా రాగి రేకులు కొట్టి ఉన్నాయి. పక్కన వరసగా ఇత్తడి పట్టీలు పీపాను రాసుకుంటున్నాయి. రేకు తగిలితే ఆ వరస బల్బులు వెలుగుతాయి, చెక్క తగిలితే ఆరిపోతాయి. అంతే యంత్రం! తగిలిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ. పక్కన బీడీ కాలుస్తూ కూర్చున్న పెద్దాయన నన్ను చూసి, "ముందర్నుంచి చూడు అబ్బోడా, యెనక ఏముంది?" అన్నాడు. వెనకే అంతా ఉందని చెప్పాలనిపించింది కానీ ధైర్యం చాలలేదు.

ఆ నెమలి కదలడం లేదు. ఒక్క బల్బు కూడా అంగుళం జరగలేదు. ఒకటి ఆరి పక్కది వెలిగితే, మన మెదడు ఆ రెంటినీ కలిపి 'పరుగెత్తింది' అనుకుంటుంది. మాక్స్ వెర్టైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జర్మనీలో ఇదే విషయం మీద ప్రయోగాలు చేసి 1912లో వ్యాసం రాశాడు. మధ్య వ్యవధి మరీ ఎక్కువైతే రెండు వేరు వేరు లైట్లు కనిపిస్తాయి, మరీ తక్కువైతే రెండూ ఒకేసారి వెలిగినట్టు ఉంటుంది. సరిగ్గా కుదిరితేనే పరుగు. పీపా తిప్పే ఆ పెద్దాయన వెర్టైమర్ పేరు విని ఉండడు. మోటారు వేగం ఎంత పెట్టాలో మాత్రం ఆయన చేతికి తెలుసు. ఇప్పుడు పీపా పోయి అగ్గిపెట్టె అంత కంట్రోలర్ వచ్చింది. పిల్లలకు చూపించడానికి ఆ పాత పీపా ఒకటైనా దొరుకుతుందేమోనని వెతుకుతూనే ఉన్నాను.

ఇంక మీరు అడగబోయే ప్రశ్న, ఎప్పుడు వెళ్ళాలి? నా జవాబు పండగకు ముందురోజు. పండగ రోజున జనాన్ని చూస్తారు, లైట్లను కాదు. ముందురోజు సాయంత్రానికి లైట్లు కట్టడం అయిపోతుంది, ట్రయల్ వేస్తుంటారు. కట్టినవాళ్ళు అక్కడే ఉంటారు, తీరికగా ఉంటే కబుర్లు కూడా చెప్తారు. ఎక్కడ ఏ వరస వెలగలేదో చూసి తిట్టుకుంటూ సరిచేసేది కూడా అప్పుడే. నాకు అది అసలు పండగ కంటే బాగుంటుంది.

రోజుతో పాటు వేళ కూడా ముఖ్యం. చాలామంది భోంచేసి తొమ్మిదింటికి బయల్దేరతారు. అప్పటికి ఆకాశం నల్లగా ఉంటుంది. గుడి గోపురం కనిపించదు, లైట్ల చుక్కలే కనిపిస్తాయి. పొద్దు గూకిన ఇరవై నిమిషాలకు చూడండి. ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, గోపురం ఆకారం ఇంకా తెలుస్తుంటుంది, దాని మీద లైట్లు అప్పుడే తేరుకుంటాయి. మన దగ్గర డిసెంబరు చివర్లో ఆరు లోపే సూర్యుడు అస్తమిస్తాడు. కాబట్టి ఆరుంపావు ప్రాంతంలో మీరు అక్కడ నిలబడి ఉండాలి. ఆ తర్వాత పదిహేను నిమిషాలకు మించి ఆ నీలం ఉండదు. టీ తాగి బయల్దేరండి, తిరిగొచ్చేటప్పుడు కారం దోశ తినండి. ఉచితం అని చెప్పి కారం దోశ ఖర్చు పెట్టిస్తున్నాడేమిటి అంటారేమో, అది నా బలహీనత.

నా మీద నేనే ఒక ఫిర్యాదు చెప్పుకోవాలి. 1980ల్లో సంగతి. దీపావళికి మా ఇంటికి కూడా సీరియల్ సెట్టు కట్టాను. అప్పటి సెట్లలో ఆరు వోల్టుల బల్బులు దాదాపు నలభై వరసగా కలిపేవాళ్ళు. నలభై ఆరులు రెండువందల నలభై, మన ఇంటి కరెంటుకు సరిపోతుంది. ఒకటి మాడిందా, నలభై బంద్. మాడినది ఏదో తెలుసుకోవాలంటే ఒక్కొక్కటే విప్పి చూడాలి. క్లాసులో సీరీస్ సర్క్యూట్ పాఠం గడగడా చెప్పే నేను, వైరు తెగిన చోట సెల్లో టేపు చుట్టి ఇనప గేటుకు కట్టేశాను. తెల్లారి మంచుకు గేటంతా తడిసింది. పాల ప్యాకెట్టు తీసుకుందామని గేటు పట్టుకున్నాను. మెట్ల దగ్గరికి వచ్చి పడ్డాను. దెబ్బ పెద్దగా తగల్లేదు కానీ మధ్యాహ్నానికల్లా వీధంతా ఒకటే మాట, "ఫిజిక్సు సారుకే కరెంటు కొట్టిందంట." మీ ఇళ్ళకు కట్టేటప్పుడు ఇనుముకు ఆనకుండా కట్టండి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ స్విచ్చి పెట్టించుకోండి. చూడటానికి వెళ్ళినప్పుడు తడి నేల మీద నిలబడి ఏ స్తంభాన్నీ పట్టుకోకండి, పిల్లల్నీ పట్టుకోనివ్వకండి.

ఇప్పటి సెట్లు వేరు. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది, ఆకుపచ్చ తర్వాత వచ్చింది, నీలం మాత్రం ముప్పై ఏళ్ళు సతాయించింది. 1990ల మొదట్లో జపాన్‌లో అకసాకి, అమానో, నకమురా దాన్ని సాధించారు, 2014లో ముగ్గురికీ నోబెల్ ఇచ్చారు. నీలం లైటుకు నోబెలా అని మా తోటి టీచరు ఒకరు వెటకారం చేశారు. మీరు తెల్లగా చూస్తున్న ఎల్‌ఈడీ చాలావరకు లోపల నీలమే. దాని మీద పసుపు వెలుగునిచ్చే పూత ఉంటుంది, రెండూ కలిసి మన కంటికి తెలుపు అవుతాయి. నీలం దొరక్కపోతే ఈ తెలుపు లేదు, ఈ కరెంటు ఆదా లేదు. కాకపోతే నాకు ఒక అసంతృప్తి. ఆ నీలం చవకైనప్పటి నుంచి గుడికీ అదే, చర్చికీ అదే, కల్యాణ మండపానికీ అదే. చూసేవాళ్ళ కళ్ళకు గుచ్చుకుంటుంది. పాత పసుపు బల్బు రంగులో ఎల్‌ఈడీలు దొరుకుతున్నాయి, కమిటీల్లో ఉన్నవాళ్ళు దయచేసి అవి అడగండి.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఒక డిసెంబరులో వెళ్ళాం. కరెంటు లైట్లతో క్రిస్మస్ చెట్టు మొదట వెలిగింది న్యూయార్కులోనే, 1882లో. ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో 80 బల్బులు కట్టి, చెట్టునే గుండ్రంగా తిరిగేలా పెట్టాడు. మూడు స్వెట్టర్లు వేసుకుని నేను బ్రూక్లిన్‌లో డైకర్ హైట్స్ అనే పేటకు వెళ్ళాను. అక్కడ ఇళ్ళవాళ్ళే తమ ఇళ్ళకు లైట్లు కట్టుకుంటారు, చాలామంది డబ్బిచ్చి కట్టించుకుంటారు. ఊరంతా రైలెక్కి వచ్చి, వీధుల్లో నడిచి చూసి పోతుంది, టికెట్టు లేదు. నాకు మన ఉరుసు వీధే గుర్తొచ్చింది, వేరుశనక్కాయల వాసన ఒక్కటే తక్కువ. రాక్‌ఫెల్లర్ సెంటర్ దగ్గరి పెద్ద చెట్టు కథ ఇంకా నచ్చింది. 1931లో, పనులు లేక జనం అల్లాడుతున్న కాలంలో, ఆ భవనాలు కట్టే కూలీలు చందాలేసుకుని ఒక చెట్టు నిలబెట్టారట. లైట్లు కాదు, క్రాన్‌బెర్రీ పండ్ల దండలు, కాగితాలు, రేకు డబ్బాలు కట్టారు. ఇప్పుడు దాన్ని వెలిగించడం టీవీలో చూపిస్తారు.

అమెరికాలో కారులోంచి చూసే పేటలు కూడా ఉన్నాయి. అది చూసొచ్చిన మా అల్లుడు ఇక్కడికి వచ్చినప్పుడు ప్రొద్దుటూరు దసరాకు కారులో వెళ్దామన్నాడు. ప్రొద్దుటూరు దసరా అంటే మీకు చెప్పాల్సిన పని లేదు, ఊరికే రెండో మైసూరు అనరు. అమ్మవారిశాల అనే కన్యకాపరమేశ్వరి గుడి, తొట్టి మెరవణి అనే ఊరేగింపు, వీధి వీధికీ లైట్ల ఆర్చీలు. విజయదశమి రాత్రి బయల్దేరాం. రెండు గంటలపాటు నేను చూసిన లైట్లన్నీ ముందున్న బస్సు వెనక ఎర్ర లైట్లే. చివరికి కారు ఒక పక్కన ఆపి నడిచాం. నడిచిన అరగంటే మిగిలింది. మరుసటి ఏడాది నేనొక్కణ్ణే బస్సులో నవమి సాయంత్రం వెళ్ళి, అంతా చూసి, పదింటికల్లా ఇంట్లో ఉన్నాను. రాయచోటి వైపు జాతరలకు వెళ్ళేవాళ్ళకు చాందినీ బండ్లు, అంటే అలంకరించి ఊరేగించే బండ్లు, తెలుసు, వాటికి మాత్రం ముందురోజు సూత్రం పనికిరాదు. అవి కదులుతూ వస్తేనే అందం, జనంలో పడి చూడాల్సిందే.

ఇంకో చోటు ఉంది. ఒంటిమిట్ట, పాతిక కిలోమీటర్ల దూరం. శ్రీరామనవమి బ్రహ్మోత్సవాల్లో కోదండరాముడి కల్యాణం రాత్రిపూట, పండువెన్నెల్లో చేస్తారు. పగటి పెళ్ళి చూడలేకపోయానని చంద్రుడు బాధపడితే రాముడు ఇచ్చిన మాట అని కథ చెప్తారు. ఇప్పుడు అక్కడ కూడా లైటింగు భారీగా పెడుతున్నారు. నేను మాత్రం కల్యాణం అయ్యాక చెరువు వైపు నడిచి వెళ్ళాను, లైట్లు వీపు వెనక్కి వచ్చేదాకా. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఫోను తీయకుండా కూర్చున్నాను. మెల్లగా గోపురం మీద వెన్నెల తెలిసింది. ఎవరో ముసలమ్మ పక్కన కూర్చుని, "ఏం నాయనా, తప్పిపోయినావా?" అని అడిగింది.

సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. రేపు 24వ తేదీ. సాయంత్రం 5:45కు నేను మరియాపురం చర్చి గేటు దగ్గర ఉంటాను. వచ్చేవాళ్ళు బండ్లు కొంచెం దూరంలో పెట్టి నడిచి రండి. పిల్లల్ని తీసుకురండి, టార్చీలు తేవద్దు. ఆరుంపావు లోపు వచ్చినవాళ్ళకు నీలం ఆకాశం దొరుకుతుంది. ఆలస్యమైనవాళ్ళు నేరుగా దోశల బండి దగ్గరికి రావచ్చు.

నమస్కారం.