పాలిష్‌కు తరుగు ఉంటుంది

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు కాబట్టి మూడోసారి చదవను. శాలువాకు కృతజ్ఞతలు. దాన్ని మడిచి పక్కన పెట్టుకున్నాను, కాసేపట్లో దానితో పని పడుతుంది.

ముందు వరసల్లో కార్ల యజమానులు కూర్చున్నారు. కార్లు తుడిచే తమ్ముళ్లేమో వెనక గోడవారగా నిలబడ్డారు. రండి తమ్ముళ్లూ, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ చెప్పేదాంట్లో సగం మీ చేతుల్లో ఉన్న పనే.

నాకిచ్చిన అంశం "కారుకు ఏ వ్యాక్స్/పాలిష్ కొనాలి". కరపత్రంలో రెండు మాటల మధ్య ఒక గీత పెట్టి అచ్చు వేశారు, రెండూ ఒకటే అన్నట్టు. మన కార్ల పెయింటు అరిగిపోతున్నది ఆ గీత దగ్గరే.

తప్పు మాటలో ఉంది. బూటు పాలిష్ అంటాం, ఆ డబ్బాలో ఉండేది మైనం. గోళ్ల పాలిష్ అంటాం, అది రంగు. గచ్చు పాలిష్ అంటాం, అక్కడ మిషన్ పెట్టి రాయినే అరగదీస్తారు, బురద కాలవ కడుతుంది. ఒకే మాట ఒకచోట పూత, ఒకచోట కోత. కారు దగ్గరికొచ్చేసరికి పాలిష్ అంటే గచ్చు పాలిషే. సీసాలో సన్నటి అల్యూమినియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. అది పై పొరను అరగదీసి గీతల అంచుల్ని చదును చేస్తుంది, అందుకే మెరుస్తుంది. నగకు మెరుగు పెట్టిస్తే తరుగు పోతుందని మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కారుకూ అంతే. వ్యాక్స్, అంటే మైనం, అలా కాదు. ఇత్తడి గిన్నెకు కళాయి లాంటిది. గిన్నె జోలికి పోదు, తానే అరిగిపోతుంది, మళ్లీ వేయించుకుంటాం.

ఎంత తరుగు పోతుందో లెక్క చూద్దాం. కారు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమర్, తర్వాత రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్, అంటే రంగులేని పారదర్శక పొర. నాలుగూ కలిపి ఫ్యాక్టరీ కారుకు సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50. అంటే న్యూస్‌పేపరు కాగితం కన్నా పల్చన. ఎండలోని యూవీని అడ్డుకునేది ఆ పొరే, మెరిసేదీ ఆ పొరే. మిషన్‌తో కాంపౌండ్, అంటే ముతక పొడి ఉన్న పాలిష్, ఒకసారి పట్టిస్తే రెండు నుంచి నాలుగు మైక్రాన్లు పోవచ్చు. చివర పట్టించే సన్నటి ఫినిషింగ్ పాలిష్ అయితే ఒకటి లోపే. ఇప్పుడు ప్రతి సర్వీసుకూ "పాలిష్ చేయించమంటారా సార్" అని అడిగితే తలూపే వాళ్లు చేతులెత్తండి. ఎత్తకపోయినా ఫర్వాలేదు, నాకు తెలుసు. ఆరేళ్లు తిరిగేసరికి బానెట్ మధ్యలో, టాపు మీద పెయింటు పొట్టు లేచి తెల్లమచ్చలు పడుతుంది చూడండి. దానికి ఎండ ఒక్కటే కారణం కాదు. ఎండను ఆపే పొరను మనమే డబ్బిచ్చి గీకించుకున్నాం.

కాబట్టి కొనే ముందు కారును చూడాలి. కడిగి, ఆరబెట్టి, సెల్‌ఫోన్ టార్చి వేసి చూడండి. వెలుగు చుట్టూ సాలెగూడు లాంటి గీతలు కనబడితే అవి క్లియర్ కోట్ గీతలు, పాలిష్‌తో పోతాయి. గోరుతో అడ్డంగా గీస్తే గోరు పట్టుకునేంత గీతైతే పాలిష్‌తో పోదు, పోగొట్టాలని చూస్తే పొరే పోతుంది. గీతలేమీ లేకపోతే పాలిష్ అక్కర్లేదు, వ్యాక్స్ చాలు. కొత్త కారుకైతే పాలిష్ ఊసే వద్దు.

ఆ సాలెగూడు గీతలు ఎక్కణ్నుంచి వచ్చాయి? ఇప్పుడు శాలువా పని. ఇదిగో, మధ్యలో మెత్తగానే ఉంది. అంచు చూడండి, జరీ, కుట్టు, ఈ మూల లేబులు. మీ కారు తుడిచే గుడ్డకు కూడా కుట్టిన అంచూ లేబులూ ఉంటాయి. అది చిన్న సంగతి. పెద్ద సంగతి దుమ్ము. మన హైదరాబాదు దుమ్ములో ఉండేది రాతి పొడి, చుట్టూ గ్రానైటు కొట్టుకుంటూ కడుతున్న ఊరు. విశాఖలో రేవు నుంచి వచ్చే ఖనిజం ధూళి, రామగుండం వైపు బూడిద. ఇవన్నీ క్లియర్ కోట్ కన్నా గట్టివి. తెల్లారి అయిదింటికి పొడి గుడ్డ తీసుకుని ఆ దుమ్ము మీద రుద్దితే అది తుడవడం కాదు, గరుకు కాగితం పట్టడం. రోజూ. ఏడాదికి 365 సార్లు.

తమ్ముళ్లను అనడం లేదు. ఒక బక్కెట్టు నీళ్లిచ్చి ఇరవై బండ్లు తుడవమన్నది మనం. మొదటి బండి మట్టి ఇరవయ్యో బండికి పూసేది ఆ బక్కెట్టే. పైగా తుడవకపోతే "ఇవాళ రాలేదా" అని అడిగేది కూడా మనమే. అమ్మా, అయ్యా, ఒక్క మాట వినండి. రోజూ తుడిపించకండి. దుమ్ము పడితే పడనివ్వండి. కదలకుండా కూర్చున్న పొడి దుమ్ము పెయింటును గీయదు, రుద్దితేనే గీస్తుంది. వారానికి రెండుసార్లు సరిగ్గా కడిగించండి, జీతం మాత్రం తగ్గించకండి. అద్దాలు రోజూ తుడవొచ్చు, అద్దానికి ఇంత భయం లేదు.

సరిగ్గా అంటే రెండు బక్కెట్లు, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఒకదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. ముందు పైపుతోనో మగ్గుతోనో వదులు దుమ్ము దించేయాలి. పైనుంచి కిందికి రావాలి, తలుపుల కింది భాగం చివర, చక్రాలకు వేరే గుడ్డ. నేల మీద పడిన గుడ్డ మళ్లీ బండికి తగలకూడదు. బట్టల సబ్బు పొడి, గిన్నెల లిక్విడ్ వాడొద్దు, అవి జిడ్డుతో పాటు వ్యాక్స్‌నూ లాగేస్తాయి. నీళ్ల కరువున్న చోట కడగనక్కర్లేని షాంపూలు దొరుకుతాయి, చాలా రకాలకు 30 మిల్లీలీటర్లు ఏడున్నర లీటర్ల నీళ్లకు సరిపోతుంది. లేబుల్ మీద కొలత చూసుకోండి. మూడు నాలుగు గుడ్డలు అందులో నానబెట్టి, ఒక్కో రేకుకు గుడ్డ మడత మార్చుకుంటూ తుడిస్తే ఒక కారుకు అయిదారు లీటర్లు దాటదు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లతో కార్లు కడగండని సలహాలు తిరుగుతున్నాయి. నీళ్లు వృథా చేయొద్దన్న మంచి ఉద్దేశమే. కానీ ఆ మిషన్ లవణాల్ని వేరు చేసి పంపేది ఆ గొట్టంలోకే, అది బోరు నీళ్ల కన్నా చిక్కటి ఉప్పు. మట్టి నానబెట్టడానికి వాడండి, ఆఖరి నీళ్లు మాత్రం కుళాయిలో వచ్చే మంజీరా, కృష్ణా నీళ్లు అయి ఉండాలి. ఏసీ నుంచి కారే నీళ్లను వడగట్టి వాడితే ఇంకా మంచిది, అందులో లవణాలు దాదాపు ఉండవు. ఏ నీళ్లయినా ఎండకు ఆరనివ్వకండి. ఆరితే తెల్ల చుక్కలు. కొత్తగా పడ్డ చుక్కలకు వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి ఒక నిమిషం తడిపి కడిగేస్తే పోతాయి. అప్పటికీ పోకపోతే పెయింటులోకి దిగినట్టు, అప్పుడే పాలిష్ గురించి ఆలోచించాలి.

సరే, కొనడం దగ్గరికి వద్దాం, అధ్యక్షులు గడియారం చూస్తున్నారు.

మైనాల్లో రాజు కార్నూబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పొడిలా పేరుకునే మైనం అది. 82 నుంచి 86 డిగ్రీల దాకా కరగదు, తేనెపట్టు మైనమైతే 62, 64 దగ్గరే కరుగుతుంది. మన మే నెల ఎండలో నల్ల బానెట్ 70 దాటుతుంది. మరి కార్నూబా వాడితే నిశ్చింతేనా? కాదు. "నూటికి నూరు శాతం కార్నూబా" అని రాసిన డబ్బాను ఒకసారి వేలితో నొక్కి చూడండి. వేలు దిగిందంటే అందులో నూనెలు, ద్రావకాలు, మెత్తని మైనాలు కలిపారన్న మాట. అసలు కార్నూబా గాజులా పెళుసు, చేత్తో పూయలేం. కలిపినవి ఎండకు మెత్తబడతాయి. అందుకే బయట ఎండలో ఆపే బండికి కార్నూబా వ్యాక్స్ నాలుగు నుంచి ఎనిమిది వారాలు వస్తే బాగా వచ్చినట్టు.

రెండోది సింథటిక్ సీలెంట్, అంటే మైనానికి బదులు పాలిమర్‌తో తయారుచేసిన పూత. డబ్బా మీద ఆరు నెలలని ఉంటుంది, మన ఎండలకు మూడు నాలుగు అనుకోండి. అయినా ఎండలో ఉండే తెల్ల, వెండి రంగు బండ్లకు నేను చెప్పేది ఇదే. ఆ రంగుల మీద కార్నూబా ఇచ్చే లోతు కంటికి ఆనదు. నల్లదో ముదురు ఎరుపో ఉండి, ఆ తడి మెరుపు కావాలనుకుంటే ముందు సీలెంట్, మర్నాడు దాని మీద కార్నూబా. వరస తిప్పితే సీలెంట్ మైనం మీద సరిగ్గా పట్టదు.

మూడోది క్లీనర్ వ్యాక్స్, "పాలిష్ అండ్ వ్యాక్స్", "త్రీ ఇన్ వన్" లాంటి పేర్లతో వస్తుంది. ఇందులో అరగదీసే పొడి ఉంటుంది. పాత బండికి ఏడాదికోసారి తప్పేమీ లేదు. నెలనెలా వ్యాక్స్ అనుకుంటూ ఇది రుద్దితే నెలనెలా తరుగే. సీసా వెనక క్లీనర్, కాంపౌండ్, స్క్రాచ్ రిమూవర్, స్వర్ల్ రిమూవర్ అన్న మాటల్లో ఏదున్నా పొడి ఉన్నట్టే అనుకోండి. ఇంకో మాయ ఫిల్లర్లు. గీతల్లో నూనె నింపి కనబడకుండా చేస్తాయి, రెండుసార్లు కడిగితే గీతలు తిరిగి వస్తాయి. పాలిష్ చేసిన చోటు గీతలు నిజంగా పోయాయా అన్నది తేల్చుకోవాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో 15 శాతం కలిపి ఒక చోట తుడిచి చూడండి. సీలెంట్ వేసే ముందు కూడా ఇలాగే నూనె తీసేయాలి.

ఎవరో చీటీ పంపారు, టెఫ్లాన్ కోటింగ్ మంచిదా అని. టెఫ్లాన్ 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పెనానికి దాన్ని పట్టించాలంటే అంతకు మించిన వేడి మీద కాల్చాలి. కారు పెయింటును అలా కాల్చలేరు కదా. ఆ పేరుతో కారుకు పూసేది ఏదో ఒక వ్యాక్సో సీలెంటో. చెడ్డది కాకపోవచ్చు, కానీ ఆ పేరుకు ఇచ్చే డబ్బు దండగ. సిరామిక్ కోటింగ్ సంగతి వేరు, అది నిజంగానే గట్టిపడి ఏళ్లు ఉంటుంది. కానీ మందం ఒకటి రెండు మైక్రాన్లు. "9హెచ్" అని గొప్ప చెప్పేది పెన్సిల్ పరీక్ష కొలత, వజ్రానికి పది మార్కులిచ్చే మోస్ కొలత కాదు. పొడి గుడ్డతో రుద్దితే దానికీ గీతలు పడతాయి. కింద గీతలు ఉంచి దాన్ని వేస్తే గీతల్నే భద్రపరిచినట్టు.

మెరుపు లేని మ్యాట్ పెయింటుకు పాలిష్, వ్యాక్స్ రెండూ వద్దు. తిరిగి పెయింట్ వేయించిన రేకుకు కనీసం నెల రోజులు ఏదీ వేయకండి, లోపలి ద్రావకం ఆవిరై బయటికి రావాలి. చవక రంగుల్లో కొన్ని బండ్లకు క్లియర్ కోట్ ఉండదు, పాలిష్ రుద్దితే గుడ్డకు బండి రంగు అంటుతుంది. అంటితే ఆగిపోండి, అడిగి చేయించుకోండి. కిరోసిన్, డీజిల్ గుడ్డతో తుడిస్తే మెరుస్తుంది, నిజమే. సాయంత్రానికి రోడ్డు మీది దుమ్మంతా దానికి అతుక్కుంటుంది.

వ్యాక్స్ వేసే పద్ధతి. కడిగాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని రేకు మీద నిమరండి. గరుకుగా తగిలితే క్లే బార్, అంటే పెయింటుకు అతుక్కున్న మురికిని లాగే బంకమట్టి లాంటి ముద్ద, కావాలి. దానికి షాంపూ నీళ్లు ధారాళంగా చల్లుకుంటూ నొక్కకుండా జరపాలి, కింద పడిన క్లే ముక్కను మళ్లీ వాడకూడదు, చెత్తబుట్టలో వేయాలి. తర్వాత నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, రెండడుగుల చదరం చొప్పున పల్చగా పూయండి. హ్యాచ్‌బ్యాక్ మొత్తానికి పేస్టు వ్యాక్స్ 15 గ్రాములు, ద్రవమైతే 30 మిల్లీలీటర్లు దాటకూడదు. దిట్టంగా పూస్తే ఎక్కువ కాలం ఉండదు, తుడవడానికి ఎక్కువ కష్టపడతారు, అంతే. పది పదిహేను నిమిషాలకు వేలితో గీయండి. గీసిన చోటు శుభ్రంగా మెరిస్తే తుడిచేయొచ్చు, జిడ్డుగా సాగితే ఇంకాస్త ఆగాలి. నల్ల ప్లాస్టిక్ భాగాలకు ముందే టేపు వేయండి, వ్యాక్స్ అంటితే తెల్లగా చారలు కట్టి ఓ పట్టాన వదలదు.

మైక్రోఫైబర్ గుడ్డలు విడిగా ఉతకండి, నూలు బట్టలతో వేస్తే పీచు పట్టుకుంటుంది. బట్టలు మెత్తగా రావడానికి పోసే ద్రవం వద్దు, ఇస్త్రీ అసలే వద్దు.

దసరాకు ఇంకా రెండు వారాలుంది. వాహన పూజకు బానెట్ మీద పసుపు, కుంకుమ, కొబ్బరి నీళ్లు అన్నీ పడతాయి. ముందు ఆదివారం వ్యాక్స్ వేసి ఉంచితే తడి గుడ్డకే వదిలిపోతాయి. పసుపు మరక మిగిలినా ఎండకు వెలిసిపోతుంది, రంగు కలిపిన కుంకుమే మొండిది, దాన్ని ఆ రాత్రే కడగాలి. కాకి రెట్ట పడినా అంతే, ఆలస్యం వద్దు. తడిపిన టిష్యూ కాగితం పది నిమిషాలు దాని మీద పరిచి, మెల్లగా పైకెత్తి తీయాలి. గోకితే అందులోని గింజలు గీస్తాయి.

కింద సెల్లార్లో మూడో నంబరు దగ్గర ఒక పాత తెల్ల బండిని నీడలో ఉంచారు. బానెట్‌ను టేపుతో నాలుగు భాగాలు చేశాం. ఒకదానికి ఏమీ వేయం, ఒకదానికి క్లీనర్ వ్యాక్స్, ఒకదానికి సీలెంట్, ఒకదానికి సీలెంట్ మీద కార్నూబా. తమ్ముళ్లే వేస్తారు, యజమానులు టార్చి పట్టుకుంటారు. పూత ఇంకా ఉందో లేదో తెలియడానికి ప్రతి ఆదివారం మగ్గుతో నీళ్లు పోసి ఎక్కడ చుక్కలు కడుతున్నాయో గోడ మీది కాగితంలో రాసుకోండి. మెట్లు దిగేటప్పుడు తలా ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చుకోండి.