సర్క్యులర్ చదివినవాళ్ళు కూడా ఎందుకు మర్చిపోతారు?

[తెర మీద: ఒక హైస్కూలు వారపు సర్క్యులర్, పదమూడు అంశాలు, మెల్లగా జరుగుతూ ఉంటుంది]

నమస్తే అండీ. తెర మీద మీరు చూస్తున్నది మా స్కూల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం ఇళ్ళకి వెళ్ళే సర్క్యులర్. టైపు చేసేది నేనే. వాలీబాల్ జట్టు గెలిచింది, లైబ్రరీకి కొత్త పుస్తకాలు వచ్చాయి, మంగళవారం యూనిట్ టెస్టు, బుధవారం గ్రూప్ ఫొటోలు, గురువారం ల్యాబ్ కోటు తేవాలి, పోయిన నీళ్ళ సీసాలన్నీ ఆఫీసు గది పక్కన పెట్టెలో ఉన్నాయి దయచేసి వచ్చి తీసుకెళ్ళండి... ఇలా పదమూడు. ఏ స్కూల్లోనైనా ఇదే వరస, మీరు చూడనిదేం కాదు.

ఇక నా బాధ వినండి. ప్రతి సోమవారం స్టాఫ్ రూములో ఒక మాట పడుతుంది: "ఎంత రాసినా దండగే మేడం, ఈ కాలం పేరెంట్స్ అసలు చదవరు." పేరెంట్స్ మీటింగుకి వెళ్తే ఇంకో మాట: "స్కూలు వాళ్ళు ఏదీ ముందుగా చెప్పరండీ." ఈ రెండూ విని విని చెవులు చిల్లులు పడ్డాయి. వాళ్ళు చదివారు, మేము చెప్పాం, అయినా గురువారం పొద్దున పిల్లల చేతుల్లో ల్యాబ్ కోట్లు లేవు. శ్రద్ధ లేదనేది అందరికీ సులువైన జవాబు, ఎవరి మీదైనా వేసెయ్యొచ్చు. అది తప్పని నాకెలా తెలుసంటే, నా మీదే పడింది కాబట్టి.

మా అమ్మాయి అదే స్కూల్లో తొమ్మిదో తరగతి. ఆ వారం సర్క్యులర్లో ఏడో అంశం: "9వ తరగతి విద్యార్థులు గురువారం ల్యాబ్ కోటు తీసుకురావలెను." నేనే రాశాను. 'ల్యాబ్' అనాలా 'లాబ్' అనాలా అని రెండుసార్లు చెరిపి మళ్ళీ కొట్టాను కూడా. గురువారం రెండో పీరియడ్ అయ్యాక మా పిల్ల స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అమ్మా... కాదు, మేడం... నా కోటు తెచ్చావా?" అంది. కోటు ఇంట్లో బీరువాలో ఉంది. ఇస్త్రీ చేసి మరీ ఉంది. రాసిన మనిషికే గుర్తులేదంటే, చదివిన మనిషిని ఏమనగలం?

ఇక్కడే నా గొడుగు కథ మొదలవుతుంది. ఈ గొడుగుని కాసేపు వదలను, భరించండి.

సాయంత్రం వాన పడుతుందని రాత్రి వార్తల్లో విన్నారు. మీకు తెలుసు, నమ్మారు కూడా. పొద్దున హడావిడిగా బయల్దేరారు, గొడుగు బీరువాలోనే ఉండిపోయింది. సాయంత్రం తడిసి ముద్దయ్యాక ఎవరైనా "వాన పడుతుందని తెలీదా?" అంటే ఒళ్ళు మండుతుందా లేదా? తెలుసు! తెలిసిన సంగతి తలుపు దాటే క్షణంలో తలకి అందలేదు, అంతే. అదే రాత్రి పడుకునే ముందు గొడుగు తీసి తలుపు గొళ్ళానికి తగిలించి ఉంటే? తలుపు తీయాలంటే దాన్ని ముట్టుకోక తప్పదు. ఇక గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు.

మనస్తత్వ శాస్త్రంలో దీనికో పేరుంది, ప్రాస్పెక్టివ్ మెమరీ. జరిగిపోయినది గుర్తుండటం వేరు, ముందు ముందు చేయాల్సిన పని సరిగ్గా ఆ సమయానికి తట్టడం వేరు. అయిన్‌స్టయిన్, మెక్‌డేనియల్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లో దీన్ని రెండు రకాలుగా విడదీసి చూపించారు (ఆ అయిన్‌స్టయిన్ కాదులెండి, ఈయన వేరే). ఒకటి ఏదో కనబడితే గుర్తొచ్చేది: ఫలానా టీచర్ ఎదురుపడితే పుస్తకం తిరిగి ఇవ్వాలి. రెండోది గడియారాన్ని బట్టి గుర్తు రావాల్సింది: గురువారం పొద్దున కోటు సర్దాలి. రెండోది కష్టం, ఎందుకంటే బయటి నుంచి ఎవరూ భుజం తట్టరు, మనంతట మనకే తట్టాలి. ఇప్పుడు సర్క్యులర్ చూడండి. అందులో ఉన్న రిమైండర్లన్నీ దాదాపు ఈ రెండో రకమే. శుక్రవారం సాయంత్రం పంపిస్తాం, గురువారం పొద్దున పని. మధ్యలో శని, ఆది, సోమ, మంగళ, బుధ. అంటే మేము చేస్తున్నది వార్తల్లో వాన సంగతి చెప్పడం, గొడుగు గొళ్ళానికి తగిలించడం కాదు.

ఇక్కడ కొందరు ఎబింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పేరు మీదున్న మరపు గీత చూపిస్తారు. 1885లో ఆయన అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి ఎంతసేపటికి ఎంత పోతుందో కొలిచాడు. గంటలోపే సగానికి పైగా పోయిందని, ఆ తర్వాత మెల్లగా తగ్గిందని తేలింది. గొప్ప పనే, కాదనను. కానీ ప్రయోగం చేసిందీ ఆయనే, చేయించుకున్నదీ ఆయనే, బట్టీపట్టింది అర్థంలేని ముక్కలు. దాన్ని తెచ్చి "పేరెంట్స్ గంటలో సగం మర్చిపోతారు" అని పోస్టర్లు వేస్తే నాకు చిరాకు. నన్నే తీసుకోండి, కోటు సంగతి బుధవారం రాత్రి అడిగినా టక్కున చెప్పేదాన్ని. గురువారం పొద్దున ఎవరూ అడగలేదు.

సరే, గొడుగు దగ్గరికి వద్దాం. గొళ్ళానికి ఒక గొడుగు తగిలిస్తే కనిపిస్తుంది. పదమూడు తగిలిస్తే? తలుపే కనపడదు. మా సర్క్యులర్ అలాగే ఉంటుంది. మొదట ప్రిన్సిపాల్ గారి సందేశం, తర్వాత గెలిచిన జట్టు ఫొటో, ఆరు అభినందనలు, ఆ కింద ఎక్కడో ఏడో నంబరు దగ్గర కోటు. అసలు వార్తకీ రిమైండర్‌కీ పోలికే లేదు. వాలీబాల్ జట్టు గెలిచిన సంగతి మీరు ఆదివారం చదివినా, నెల తర్వాత చదివినా, అసలు చదవకపోయినా ఎవరికీ నష్టం లేదు, చదివితే సంతోషం. కోటు సంగతి గురువారం మధ్యాహ్నం చదివితే చిత్తు కాగితంతో సమానం. ఒకటి ఎప్పుడు తిన్నా పాడవని సరుకు, ఇంకోటి పాలు. రెంటినీ ఒకే సంచిలో కుక్కి, పాలు విరిగాయేంటని అడుగుతాం.

ఇంకో తమాషా. నలుగురు స్నేహితులు కలిసి బయటికి వెళ్తున్నారు, "ఎవరో ఒకరు గొడుగు తెండి" అనుకున్నారు. ఏమవుతుంది? నలుగురూ తడుస్తారు. 1968లో డార్లీ, లటానే అని ఇద్దరు దీన్ని ప్రయోగం చేసి చూశారు. విద్యార్థుల్ని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల్లో మాట్లాడించారు, అవతలి వ్యక్తికి మూర్ఛ వస్తున్నట్టు వినిపించారు, నిజానికి అది ముందే రికార్డు చేసింది. తానొక్కరే వింటున్నాననుకున్నవాళ్ళలో 85 శాతం మంది అది ముగిసేలోపే లేచి వెళ్ళి చెప్పారు. తనతోపాటు ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్ళలో అలా వెళ్ళింది 31 శాతమే. వాళ్ళు రాతిగుండె మనుషులేం కారు, ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారులే అనుకున్నారు. ల్యాబ్ కోటుకీ మూర్ఛకీ పోలికేంటని మీరు అనొచ్చు, ఒప్పుకుంటా. కానీ "తల్లిదండ్రులందరికీ విజ్ఞప్తి: సైన్స్ ఫెయిర్‌కి కొంతమంది సహాయం కావలెను" అని రాస్తే ఎంతమంది వస్తారో నాకు అనుభవం. అదే ఒకరికి ఫోన్ చేసి "శనివారం పదింటి నుంచి పన్నెండింటి దాకా రిజిస్టర్ దగ్గర మీరు కూర్చోగలరా అండీ?" అంటే, రాలేకపోయినా కనీసం రాలేనని చెప్తారు.

'అందరికీ' అనే మాట మీద నాకు ఇంకా కోపం ఉంది. అమ్మ, నాన్న, ఆ పిల్ల, ముగ్గురికీ అదే మెసేజ్ వెళ్తుంది. నాన్న చూసుకుంటారులే అని అమ్మ అనుకుంటుంది, అమ్మ చూసిందిలే అని నాన్న అనుకుంటాడు, ఇద్దరూ చూశారు కదా అని పిల్ల నిశ్చింతగా ఉంటుంది. హైస్కూలుతో చిక్కే ఇది. చిన్న క్లాసుల్లో బ్యాగు సర్దేది పెద్దవాళ్ళు, కాలేజీకి వచ్చాక ఎవరి బ్యాగు వాళ్ళదే. మధ్యలో ఈ ఐదారేళ్ళు ఆ పని ఎవరిదో ఇంట్లో ఎవరూ తేల్చరు. మా ఇంట్లోనూ అంతే జరిగింది. నేను రాశాను కాబట్టి అమ్మకి గుర్తుంటుందని అది, దానికి ల్యాబ్ ఉందని దానికే తెలుసు కదా అని నేను.

[తెర మీద: "వచ్చే శుక్రవారం", "4/5"]

అయ్యో, టైం చాలా అయిపోయింది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

తేదీలు. "వచ్చే శుక్రవారం" అని సోమవారం రాస్తే అది ఈ వారం శుక్రవారమా, పై వారం శుక్రవారమా? సగం మంది ఇటు, సగం మంది అటు. దయచేసి తేదీ, వారం రెండూ రాయండి. నెలని అంకెలో వేయకండి, 4/5 అంటే కొందరికి ఏప్రిల్ 5, కొందరికి మే 4. ఈ గోల పడలేకే 1988లో ఐఎస్ఓ 8601 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం తెచ్చి, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు అన్నారు. స్కూలుకి అంత అక్కర్లేదు, నెల పేరు అక్షరాల్లో రాస్తే చాలు.

టైమింగ్. వార్తలు శుక్రవారమే పంపండి, అందరూ తీరిగ్గా చూస్తారు. కోటు లాంటివి ముందురోజు సాయంత్రం, ఒక్క లైను, ఒక్క పని, ఆ తరగతి వాళ్ళకి మాత్రమే. డబ్బుతోనో సంతకంతోనో పనున్నవి మాత్రం రెండుసార్లు: వారం ముందు ఒకటి, ముందురోజు ఒకటి. రోజూ పంపారా, గొడుగు ఏడాది పొడవునా గొళ్ళానికే వేలాడినట్టు, మూడో రోజు నుంచి కంటికి ఆనదు. ఆస్పత్రుల్లో పరికరాలు అదే పనిగా మోగుతుంటే నర్సుల చెవికి ఆనకుండా పోతాయే, అదే ఇది.

ఇంట్లో. గోల్‌విట్జర్ అనే ఆయన 1999లో రాసింది ఒకటుంది, పేరు పెద్దది గానీ విషయం చిన్నది: "గుర్తుపెట్టుకుంటా" అనుకోవడం కన్నా "ఫలానాది జరగ్గానే ఫలానా పని చేస్తా" అనుకుంటే పని జరిగే అవకాశం ఎక్కువ. "గురువారం కోటు" అని కాకుండా, "బుధవారం రాత్రి ఫోన్ చార్జింగ్‌కి పెట్టగానే కోటు బ్యాగు మీద పెడతా." చార్జర్ ఎలాగూ కనిపిస్తుంది, అదే భుజం తడుతుంది. ఇది పిల్లలే చేయాలి, మీరు చేస్తే మళ్ళీ కథ మొదటికొస్తుంది.

ఇంకా పర్మిషన్ స్లిప్పుల గురించి చెప్పాలి, అదో పెద్ద పురాణం, బ్యాటరీ ఎర్రగా చూపిస్తోంది, ఇంకోసారి.

ఆఁ, మా ఇంటి సంగతి అడుగుతారుగా. ఆ గురువారం తర్వాత మా అమ్మాయి కోటు తీసుకొచ్చి తలుపు గొళ్ళానికి తగిలించింది, నేను కూడా తెగ మెచ్చుకున్నాను. ఇప్పటికి మూడు వారాలైంది. కోటు ఇంకా అక్కడే ఉంది, దాని మీద నిజంగానే ఒక గొడుగు కూడా చేరింది, రోజూ పొద్దున్నే ఇద్దరం రెంటినీ పక్కకి జరిపి తలుపు తీసుకుని వెళ్ళిపోతున్నాం.