పొగ వదిలితే తెలుస్తుంది

అందరికీ నమస్కారం. చలికాలం హీటింగ్ బిల్లు రాగానే మనవాళ్లు మొదట తిట్టేది కిటికీల్ని. వేల డాలర్లు పోసి కొత్తవి వేయిస్తారు, మర్నాటి ఏడాది బిల్లు పెద్దగా తగ్గదు. ఆ డబ్బు తీసేముందు ఒక పూట ఇంట్లో పొగ వదిలి చూడమని చెప్పడానికే వచ్చాను.

మన న్యూజెర్సీలో ట్విన్ రివర్స్ అనే టౌన్‌హౌస్‌ల కాలనీ మీలో చాలామందికి తెలుసు. 1970లలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీవాళ్లు, రాబర్ట్ సోకోలో ఆధ్వర్యంలో, అక్కడి టౌన్‌హౌస్‌లలో వేడి ఎటు పోతోందో కొలిచారు. ఆటిక్‌లో, అంటే పైకప్పు కింది ఖాళీలో, వేడి పోకుండా ఆపే ఇన్సులేషన్ ఉంది. అయినా లెక్కకంటే కొన్ని రెట్లు ఎక్కువ వేడి పైకి పోతోంది. తీరా చూస్తే, రెండిళ్ల మధ్య గోడ పక్క సందులోంచి వెచ్చటి గాలి ఇన్సులేషన్‌తో పనిలేకుండా ఆటిక్‌లోకి ఎక్కుతోంది. గౌతమ్ దత్ అనే పరిశోధకుడు కూడా ఉన్న బృందం అది.

వెచ్చటి గాలి పైనుంచి పోతే కింద బేస్‌మెంట్ దగ్గర చల్లగాలి లోపలికొస్తుంది. మీ కాళ్లకు తగిలేది అదే. కన్నం మాత్రం నెత్తిమీద ఉంటుంది.

బ్లోయర్ డోర్ అని ఒకటుంది. వీధి తలుపు చట్రంలో గుడ్డ బిగించి, దానికో ఫ్యాన్ పెడతారు. మామూలుగా లోపలికీ బయటికీ గాలి ఒత్తిడిలో 50 పాస్కల్స్ తేడా వచ్చేదాకా తిప్పి, ఇల్లు ఎంత లీకవుతోందో అంకె చెబుతారు. ఎక్కడ అన్నది అంకె చెప్పదు. అందుకే ఫ్యాన్‌ని లోపలికి ఊదేలా తిప్పి, డీజే పార్టీల్లో వాడే ఫాగ్ మిషన్ ఆన్ చేస్తాం. అందులో నీళ్లు, గ్లైకాల్ ఉంటాయి. డ్రై ఐస్ వద్దు. ఆ పొగ బరువుగా నేలమీదే పాకుతుంది, పెళ్లి స్టేజీకి బాగుంటుంది గానీ మన పనికి రాదు.

ఇప్పుడు బయట నిలబడి చూడండి. కిటికీల దగ్గర సన్నగా వస్తే వస్తుంది. చూరు కింద వెంట్లలోంచి మాత్రం బుసబుసా వస్తుంది. సీలింగ్‌లో దింపిన లైట్లు, ఆటిక్ మూత, బాత్రూమ్ పైపుల చుట్టూ కోసిన రంధ్రాలు, అన్నీ అక్కడికే చేరతాయి. ఒక జాగ్రత్త: సైడింగ్‌లో, అంటే బయటి గోడ తొడుగులో, పొగ కనిపించినచోటే లోపల కన్నం ఉంటుందనుకోకండి. గోడలోపల ఎంత దూరమైనా నడిచి రావచ్చు. కాబట్టి తర్వాత ఫ్యాన్‌ని గాలి బయటికి లాగేలా తిప్పి, లోపల సన్నగా పొగ వదిలే స్మోక్ పెన్సిల్‌తో కన్నాలు ఒక్కొక్కటీ పట్టుకోవాలి. ఆటిక్‌లో పింక్ ఫైబర్‌గ్లాస్ ఇన్సులేషన్ నల్లబడిన చోట్లు కూడా చూడండి. అది గాలిని ఆపదు, దుమ్మును వడకడుతుంది.

పొగ వదిలేముందు అలారం కంపెనీకి, పక్కింటివాళ్లకి చెప్పండి, లేకపోతే ఫైరింజన్ వచ్చేస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లను బయటికి పంపండి. అయ్యాక, ఆపి ఉంచిన స్మోక్ డిటెక్టర్లు మళ్లీ ఆన్ చేయండి, చాలామంది మర్చిపోయేది ఇదే.

ఇంత హంగామా వద్దనుకుంటే, బాగా చలిగా ఉన్న రోజు గ్యాస్ ఫర్నెస్, వాటర్ హీటర్ ఆపేసి, వంటింటి, బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ వేసి, ప్లగ్ పాయింట్లు, ఆటిక్ మూత దగ్గర అగరుబత్తి పట్టుకుని పొగ ఊగుతుందేమో చూడండి. కర్టెన్లకు దూరంగా సుమా. బ్లోయర్ డోర్ అంత గట్టిగా చూపించదు, పెద్ద కన్నాలు దొరుకుతాయి.

కన్నాలు మూశాక గ్యాస్ హీటర్ పొగ గొట్టం సరిగా లాగుతోందో టెస్ట్ చేయించండి. ఇల్లు బిగుతైతే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆ పొగను వెనక్కి లాగొచ్చు. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని ఇంట్లో నేను అసలు పని మొదలుపెట్టను.