టల్సా గ్యాదరింగ్ ప్లేస్ రివ్యూ: నది పక్కన పార్కుకి వెళ్లి నది చూడకుండా రాకండి

నమస్తే అండీ, అందరూ ఎలా ఉన్నారు? వెనకాల పిల్లల అరుపులు వినపడుతున్నాయి కదా, కాస్త సర్దుకోండి, గంట నుంచి వెతుకుతున్నా, మాట్లాడుకోవడానికి నిశ్శబ్దంగా ఉండే మూల ఒక్కటీ దొరకలేదు. నేను ఇప్పుడు ఓక్లహామాలో, టల్సాలో ఉన్నాను. ఆర్కన్సా నది ఒడ్డున ఉన్న గ్యాదరింగ్ ప్లేస్ అనే పార్కు ఇది. డల్లాస్ వైపు ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే చాలు, "పిల్లలతో ఎక్కడికెళ్దాం" అని వాట్సాప్ గ్రూపుల్లో మొదలుపెడతారు కదా, ఈ వీడియో వాళ్ల కోసమే. ప్లేనో మీదుగా రోజూ ఆఫీసుకెళ్లే ఆ 75 హైవేయే ఇక్కడిదాకా వస్తుంది, మధ్యలో ఆగకపోతే నాలుగు, నాలుగున్నర గంటలు. పిల్లలుంటే ఐదున్నర వేసుకోండి, అది మీకూ తెలుసు.

ఇది మాకు రెండోసారి. మొదటిసారి 2023 జులైలో వచ్చాం, ఆ ట్రిప్పు గురించి నిజం చెప్తాను. మధ్యాహ్నం పన్నెండింటికి దిగాం. ఆ టైముకి పార్కింగులో చోటు ఎక్కడుంటుంది, మూడు చుట్లు తిరిగాం. ఎండలో స్టీలు జారుడుబండ మీద మా చిన్నది కూర్చుంది, కూర్చున్నంత వేగంగా లేచి ఏడుపు. తర్వాత నీళ్ల ఆటల దగ్గరికెళ్తే పెద్దాడు బూట్లతో సహా తడిసిపోయాడు, మేమేమో ఒక్క టవల్ కూడా తీసుకురాలేదు. సాయంత్రానికి అందరం చిరాకుపడి కారెక్కేశాం. ఇంటికొచ్చాక ఫోన్‌లో మా అమ్మ అడిగింది, "నది ఎలా ఉందే?" అని. నేను, మా ఆయన మొహామొహాలు చూసుకున్నాం. మేమసలు నదే చూడలేదు!

అందుకే ఈసారి అక్టోబరులో వచ్చాం. అమ్మ కూడా విజయవాడ నుంచి వచ్చి ఉంది కాబట్టి ఆవిడనీ తీసుకొచ్చాం.

ముందు అందరూ అడిగేది చెప్పేస్తాను. ఎంట్రీ ఫ్రీ. పార్కింగ్ ఫ్రీ. లోపల చెరువులో పడవలు, సీజన్లో వాళ్లు తిప్పే రోజుల్లో, అవీ ఫ్రీనే, లైఫ్ జాకెట్ వాళ్లే ఇస్తారు. ఇంత పెద్ద పార్కు ఫ్రీ ఏంటి అని అమ్మకి ఒకటే అనుమానం, చివర్లో ఎక్కడో బిల్లు వేస్తారని. జార్జ్ కైజర్ అని టల్సాలో ఆయిల్, బ్యాంకు వ్యాపారాలు చేసిన ఆయన ఉన్నారు, ఆయన కుటుంబ ఫౌండేషన్ ముందుండి, ఇంకా కంపెనీలు, దాతలు కలిసి దీన్ని కట్టారు. ఖర్చు 46 కోట్ల 50 లక్షల డాలర్లు. 2018 సెప్టెంబరులో తెరిచారు. దాతల పేర్లు మాత్రం ఎక్కడ చూసినా ఉంటాయి, పడవల ఇంటికి ఒక కంపెనీ పేరు, పచ్చిక మైదానానికి ఇంకో కంపెనీ పేరు. మన గుళ్లో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయించినట్టు అన్నమాట. డబ్బిచ్చారు, రాసుకోనీ.

ఇప్పుడు పిల్లల ఆటస్థలం. ఐదెకరాలు అదొక్కటే. మన కాలనీ పార్కులో ఉండే రంగురంగుల ప్లాస్టిక్ సెట్టు ఒకటి ఊహించుకుని రాకండి. చెక్కతో కట్టిన బురుజులున్నాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి తాళ్ల వంతెనలు, లోపలికి పాక్కుంటూ వెళ్లే వలలు. ఒకచోట పెద్ద కొంగ నిలబడి ఉంటుంది, పక్కనే తెడ్డులాంటి ముక్కున్న ఓ భారీ చేప. ఆ చేప కల్పన కాదండీ, ప్యాడిల్‌ఫిష్ అని ఓక్లహామా నదుల్లో నిజంగానే ఉంటుంది. దాని కడుపులోకి దూరి పిల్లలు ఇంకో వైపు నుంచి బయటికొస్తున్నారు. నాకు బాగా నచ్చింది ఏంటంటే, పైకి ఎక్కడానికి తేలిక దారి ఒక్కటే పెట్టలేదు. మా వాడు తాడు పట్టుకుని ఎక్కుతూ సగంలో ఆగిపోయాడు, కిందికి చూశాడు, నా వైపు చూశాడు, నేను వెళ్లబోతే మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. రెండు నిమిషాలుంటుందేమో, కాలు మార్చి మార్చి మొత్తానికి ఎక్కేశాడు. ఆ రెండు నిమిషాలు నాకెంత టెన్షనో!

చిన్నపిల్లలకి వేరే భాగం ఉంది, మూడేళ్ల పాపని అక్కడ వదలొచ్చు. ఇంకో గుట్ట మీద ఉయ్యాలలు, పెద్దవాళ్లు కూడా ఊగే సైజువి. అమ్మ ముందు "నాకెందుకే, జనం చూస్తారు" అంది, తర్వాత దిగనంది. నీళ్ల ఆటల గుట్ట ఎండాకాలానికే, అక్కడ చిన్న చిన్న తలుపులు మూసి నీళ్లు ఆపడం, మర తిప్పి నీళ్లు పైకెక్కించడం, పొలంలో కాలవకి మడవ వేసినట్టే ఉంటుంది. జులై, ఆగస్టుల్లో వస్తే పొద్దున తొమ్మిదికల్లా ఉండండి, రెండు జతల బట్టలు, టవల్ మర్చిపోకండి. మేం నేర్చుకున్నట్టు నేర్చుకోకండి.

తిండి సంగతి. లోపల కెఫే ఉంది, కానీ మేం పులిహోర, పెరుగన్నం కూలర్‌లో పెట్టి తెచ్చుకున్నాం. పచ్చిక మీద దుప్పటి పరుచుకుని తింటుంటే నాలుగు దుప్పట్ల అవతల ఇంకెవరో ఆవకాయ డబ్బా తెరిచిన వాసన. చూస్తే మనవాళ్లే, డల్లాస్ పక్కన ఫ్రిస్కో నుంచి.

ఇక అసలు విషయం, నది. పార్కుకీ నదికీ మధ్యలో రివర్‌సైడ్ డ్రైవ్ అనే రోడ్డు పోతుంది. దాని మీద రెండుచోట్ల కప్పు వేసి మట్టి పోసి, గడ్డీ చెట్లూ పెంచారు, మీరు మామూలు కొండలాగా ఎక్కి దిగుతారు, కింద కార్లు పోతుంటాయి. మొదటిసారి మేం ఆ అవతలికి వెళ్లనేలేదు. రోడ్డు దాటాక నది ఒడ్డు వెంబడే నడక, సైకిల్ దారులు మైళ్ల కొద్దీ ఉన్నాయి. స్ట్రోలర్ హాయిగా తోసుకెళ్లొచ్చు. కాకపోతే సైకిళ్లు స్పీడుగా వస్తాయి, పిల్లల చెయ్యి వదలకండి.

అక్కడే నది మీద నడిచేవాళ్లకి, సైకిళ్లకి మాత్రమే ఒక వంతెన ఉంది, 2024లో తెరిచారు. ఇంతకుముందు అక్కడ పాత రైలు వంతెన ఉండేదట. మేం ఎండ దిగాక, ఆరింటికి ఎక్కాం. వంతెన పక్కనే చిన్న ఆనకట్ట. ఎగువ వైపు చూస్తే నీళ్లు నిండుగా, టల్సా డౌన్‌టౌన్ బిల్డింగులు అందులో కనపడుతూ. వెనక్కి తిరిగి దిగువకి చూస్తే ఇసుక మేటలు, వాటి మధ్యలో సన్నటి పాయలు, ఒక పాయలో ఒంటికాలి మీద కొంగ. ఎగువన కీస్టోన్ డ్యామ్ నుంచి ఎంత వదిలితే ఇక్కడ అంత నీరు, అందుకే ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది. అమ్మ రెయిలింగు పట్టుకుని అటు చూసి, ఇటు చూసి, "ఇదేంటే, అచ్చం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడ్డట్టే ఉంది, ఎండాకాలంలో" అంది. నిజమే, నాకు తట్టనేలేదు. ఇక అక్కణ్నుంచి కదలదు! మా చిన్నది "అమ్మమ్మా, పద" అని చీర కొంగు లాగుతోంది, ఆవిడేమో "ఉండవే, ఆ కొంగ ఎగిరేదాకా చూసి పోదాం" అని అక్కడే నిలబడింది.

ఆ కొంగ ఎంతకీ ఎగరలేదండీ. చీకటి పడ్డాక మేమే వచ్చేశాం.